పెడితే చెప్పినట్టా?

2024 నవంబర్ 6, బుధవారం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. నా జిరాక్సు షాపు మెట్ల మీద ఇద్దరు పిల్లలు వచ్చి కూర్చున్నారు. అక్క నాలుగో తరగతి, తమ్ముడు ఒకటో తరగతి. పుస్తకాల సంచులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు. బడి లేదా అని అడిగితే అయిపోయింది అన్నది అక్క. మరి ఇంటికి పోలేదేమని అడిగితే తాళం వేసి ఉంది అన్నది. తల్లీ తండ్రీ పత్తి ఏరడానికి పోయారు. పొద్దు గూకితే గాని రారు.

ఆ రోజు నుంచే తెలంగాణ రాష్ట్రమంతటా ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను ఆ పనికి వేశారు కాబట్టి బడి ఒంటి గంట వరకే. పిల్లలకు అన్నం పెట్టి పంపించేస్తారు. ఆ తరువాత సార్లు, మేడాలు కాగితాల కట్టలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ సంగతి పేపర్లలో అంతకు ముందే వచ్చింది. మా బడి వాట్సాప్ గ్రూపులో మాత్రం ముందు రోజు రాత్రి తొమ్మిదింబావుకు వచ్చింది. అదీ ఎలాగంటే, ఉత్తర్వు కాగితాన్ని టేబుల్ మీద పెట్టి ఫోనుతో తీసిన ఫొటో. సగం అక్షరాల మీద ఫోను పట్టుకున్న చేతి నీడ. కింద ఒకే ఒక్క మాట: "గమనించగలరు".

ఆ పిల్లల ఇంట్లో అప్పటికి ఉన్నది ఒకే ఫోను. అది తండ్రి జేబులో ఉంటుంది. ఆయనకు చదవడం రాదు. రాత్రి తొమ్మిదింబావుకు ఆయన నిద్రలో ఉన్నాడు.

పిల్లవాడు లామినేషన్ మిషను పక్కన, వేడి తగులుతుంటే, సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. ఆడపిల్ల పాడైన కాగితాల వెనక వైపు లెక్కలు చేసుకుంటూ కూర్చుంది. ఆరు దాటాక తల్లి పరుగున వచ్చింది. చేతివేళ్ల కొసలన్నీ పత్తికాయ ముళ్లు గీరి ఎర్రగా ఉన్నాయి. పిల్లలను చూసి ఊపిరి పీల్చుకుని, "అన్నా, ఒంటిపూట అని బడివాళ్లు చెప్పారా?" అని అడిగింది.

"చెప్పారమ్మా. నిన్న రాత్రి ఫోనులో పెట్టారు."

"పెడితే చెప్పినట్టా?"

ఏడాది దాటింది. ఆ ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబితే బాగుండునని చూస్తున్నాను. ఎవరూ చెప్పలేదు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ నుంచి బస్సులో ముప్పావు గంట ప్రయాణం. చుట్టూ తండాలు. బత్తాయి తోటలు కొన్ని, మిగతాదంతా పత్తి. బడికి ఎదురుగా రోడ్డు ఇవతల నా షాపు. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, రీచార్జి, దరఖాస్తులు నింపడం నా పనులు. వీటన్నింటికీ బోర్డు మీద ధర రాసి ఉంటుంది. బోర్డు మీద లేనిది, డబ్బు తీసుకోనిది ఇంకో పని ఉంది. బడి నుంచి వచ్చిన మెసేజీలు చదివి పెట్టడం. రోజుకు ఇద్దరు ముగ్గురైనా ఫోను తెచ్చి నా ముందు పెడతారు. "ఇందులో ఏముందో చూడన్నా" అంటారు. మా పాప కూడా ఆ బడిలోనే చదువుతుంది కాబట్టి నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. కాబట్టి ఈ మాటలు దూరం నుంచి రాయి విసరడం కాదు.

ప్రతి జూన్‌లో బడి తెరవగానే నాకు ఒక కాగితం వస్తుంది. తల్లిదండ్రులకు సూచనలు, అరవై కాపీలు. మొత్తం పద్నాలుగు అంశాలు. నాలుగేళ్లుగా అదే కాగితం. పాత కాపీని మళ్లీ కాపీ తీసీ తీసీ అక్షరాలు చీమల బారుల్లాగా అయిపోయాయి. పిల్లలను సమయానికి పంపవలెను. గోళ్లు కత్తిరించవలెను. ఇంటిపనిని రోజూ పరిశీలించి సంతకం చేయవలెను. ఇంట్లో ప్రశాంతమైన చదువు వాతావరణం కల్పించవలెను. సెల్‌ఫోను ఇవ్వరాదు. సమావేశాలకు విధిగా హాజరు కావలెను. పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడే అలవాటు చేసుకోవలెను.

ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. తండా నుంచి వచ్చే పిల్లకు ఇంట్లో మాట లంబాడీ. బడికి వచ్చాక తెలుగు నేర్చుకుంటుంది. పుస్తకం ఇంగ్లీషులో. మూడు మాటల మధ్య ఆరేళ్ల పిల్ల నలుగుతుంటే, పత్తి చేనులో నుంచి వచ్చిన తల్లిని నాలుగో పని అడుగుతున్నాం. ప్రశాంతమైన చదువు వాతావరణం సంగతి సరేసరి. ఒక్క గది ఇంట్లో పొయ్యి, మంచం, టీవీ, మేకపిల్ల అన్నీ అక్కడే ఉంటాయి. అందులో ప్రశాంతత ఏ మూలన పెట్టాలో ఆ కాగితం చెప్పదు.

"వలెను", "రాదు", "గమనించగలరు". ఈ భాష ఎక్కడిది? ఎవరి ఇంట్లోనైనా ఎవరైనా ఇలా మాట్లాడతారా? రోడ్డు మీద ఎదురైతే "ఏమమ్మా, పాపకు జ్వరం తగ్గిందా?" అని చక్కగా పలకరించే సారే కాగితం మీదికి వచ్చేసరికి తహసీల్దారు అయిపోతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఆ పద్నాలుగింటిలో నీళ్ల సీసా పంపవలెను అన్నదొకటి ఉంది. మా వైపు ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. మునుగోడు, మర్రిగూడ దిక్కున నడుములు వంగిన ముసలివాళ్లను, గోధుమరంగు చారల పళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతి ఒకదాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెడితే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. మా జిల్లా పేరు నీళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది అలాగ. ఇలాంటి చోట తల్లులు తెలుసుకోవాలనుకునేది వేరే. సీసా అయిపోయాక బడిలో పిల్ల తాగేది సర్కారు ఇచ్చే భగీరథ నల్లా నీళ్లా, బోరు నీళ్లా? బోరు నీళ్లయితే పరీక్ష చేయించారా? నేనెరిగినంతలో ఈ నాలుగేళ్లలో ఒక్క మెసేజీ కూడా ఈ విషయం మీద రాలేదు. ఇంటి నుంచి బడి ఏమి కోరుతున్నదో పద్నాలుగు లైన్లలో ఉంది. బడి నుంచి ఇల్లు ఏమి కోరుతున్నదో ఒక్క లైనూ లేదు.

చట్టం చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం తల్లిదండ్రుల మీద పెట్టిన బాధ్యత పదో సెక్షన్‌లో ఉంది. ఒకటే మాట: పిల్లలను దగ్గరి బడిలో చేర్పించాలి. అంతే. అదే చట్టం ఇరవైనాలుగో సెక్షన్‌లో ఉపాధ్యాయుల పనులు వరసగా చెబుతుంది. వాటిలో ఒకటి, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ఎంతవరకు నేర్చుకున్నారు అన్న సంగతులు వాళ్లకు తెలియజెప్పడం. నేను వకీలును కాను. కానీ తెలియజెప్పడం అనే మాటకు ఫొటో పెట్టడం అన్న అర్థం ఏ నిఘంటువులోనూ ఉండదని మాత్రం చెప్పగలను.

పూర్వం ఊళ్లో కబురు చెప్పాలంటే చాటింపు వేసేవారు. నా చిన్నప్పుడు కూడా ఉండేది. డప్పు కొట్టుకుంటూ వచ్చి నాలుగు వీధులు కలిసే చోట ఆగేవాడు. రెండు దెబ్బలు కొట్టి, గొంతెత్తి సంగతి చెప్పేవాడు. చెప్పగానే వెళ్లిపోయేవాడు కాదు. మా నాయనమ్మ గుమ్మంలో నుంచే అడిగేది, "ఏ పూట? ఇంటికొకరా, అందరూ రావాలా?" ఆయన జవాబు చెప్పేవాడు. తెలియకపోతే "అడిగి వస్తానమ్మా" అనేవాడు. వినని వీధికి మళ్లీ పోయి కొట్టేవాడు. ఊరంతటికీ వినిపించిందా లేదా అన్న పూచీ చాటేవాడిదే, వినేవాడిది కాదు. ఇప్పుడు గ్రూపులో పెట్టేస్తే పూచీ తీరిపోతుంది. రెండు నీలం టిక్కులు పడితే చూశారని లెక్క. ఆ టిక్కులు చాలాసార్లు పడేది నా షాపులో, నా వేలి కింద.

ప్రోగ్రెస్ కార్డు సంగతి ఇంకా విచిత్రం. ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల్లో మొదటిది అయ్యాక ఒక తండ్రి రెండో తరగతి కూతురి కార్డు పట్టుకుని వచ్చాడు. వేలిముద్ర వేయాలి, నా దగ్గర ఇంకు ప్యాడు ఉంటుంది. వేయబోతూ ఆగి, "దీనిలో ఏమని రాశారు?" అన్నాడు. తెలుగు బి, లెక్కలు బి, ఇంగ్లీషు సి అని చదివాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది కాదన్నా, నా బిడ్డకు చదవడం వచ్చిందా, రాలేదా?" అని అడిగాడు.

ఆ కార్డులో అన్ని గడులున్నాయి, ఈ ప్రశ్నకు గడి లేదు.

పిల్ల పక్కనే ఉంది. సంచిలో నుంచి తెలుగు వాచకం తీయించి ఒక పాఠం చదవమన్నాను. గడగడా చదివింది. తండ్రి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆమె వేలి మీద చూపు పడింది. నోరు మూడో లైనులో ఉంటే వేలు రెండో లైను మధ్యలో ఉంది. నోరు ఆగిపోయాక కూడా వేలు ఇంకా నడుస్తోంది. పాఠం మధ్యలో ఒక మాటను నా వేలితో మూసి, దాని పక్క మాట చదవమన్నాను. పిల్ల మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. అప్పజెబుతోంది, చదవడం లేదు. చెవితో పట్టుకుంది, కంటితో కాదు. దాన్ని తప్పు అనను. తెలివైన పిల్ల కాబట్టే అంత పాఠం విని గుర్తుపెట్టుకుంది. కానీ ఆ తండ్రికి కావలసిన కబురు అదే కదా: మీ పాప పాఠం అప్పజెబుతోంది, అక్షరాలు కలుపుకోవడం ఇంకా రాలేదు, రోజుకు రెండు మాటలు చూపించి ఇది ఏమిటని అడగండి. ఈ మూడు ముక్కలు "బి" అనే అక్షరంలో ఎక్కడున్నాయి?

సర్కారుకు ఈ విషయం తెలియక కాదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేట్టు చేయాలని కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ పెట్టింది. అదే పనికి మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలైంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్ల నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా అంకెలు తెలియాలి అని నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రాసుకున్నారు. (నిమిషానికి ఇన్ని మాటలన్న లెక్క మన భాషకు అంత సూటిగా అతకదని నా గొణుగుడు. "రాకపోయినప్పటికీ" మనకు ఒకే మాట. దాన్నే హిందీలో చెబితే నాలుగు మాటలు. మన పిల్ల ఒక మాట చదివేలోపు అక్కడి పిల్ల నాలుగు చదివినట్టు లెక్క. పోనీయండి, అది వేరే పంచాయతీ.) నేననేది, ఈ లక్ష్యం బడి గోడ మీద చార్టులో ఉంది, అధికారుల ట్యాబుల్లో ఉంది, మా పాప బడిలో మాత్రం ఏ ఒక్క తల్లికీ ఎవరూ నోటితో చెప్పలేదు. మూడో తరగతి పిల్లకు ఏమి రావాలో తెలిస్తే గదా, వచ్చిందో లేదో తల్లి అడగగలిగేది.

పుస్తకాల విషయం అంతే. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చువేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. మంచి పని. పదో తరగతి దాకా చదివి ఆపేసిన తల్లి ఆ తెలుగు పేజీ చూసి కూతురికి లెక్క చెప్పగలదు. కానీ ఒక రోజు ఒకామె వచ్చి, పిల్లవాడికి అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే ఇచ్చారని, ట్యూషన్ పెట్టాలేమోనని బాధపడింది. పుస్తకం తెరిచి ఎదుటి పేజీ చూపించాను. ఆమె ఆ పేజీని అరచేత్తో రెండుసార్లు తుడిచింది, నిజంగా అచ్చయిందేనా అన్నట్టు. నవంబర్ నెల అది. అంటే ఐదు నెలలు ఆ పేజీ ఆ ఇంట్లో ఉంది, ఉన్నదని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఉపాధ్యాయుల తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. మా బడిలో యాభై మంది చిల్లర పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. చట్టం లెక్క ప్రకారం అది సరిపోయినట్టే, 60 మంది దాకా ఇద్దరు చాలునంటుంది. పిల్లల సంఖ్యకు సరిపోవచ్చు, తరగతుల సంఖ్యకు ఎలా సరిపోతుంది? ఒకరు ఒకటి, రెండు పట్టుకుంటే ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు. పొద్దున్నే పిల్లల ముఖాలు ఫోనుకు చూపించి హాజరు వేయాలి. అన్నం తిన్నవాళ్ల లెక్క, గుడ్ల లెక్క, యూనిఫాం కొలతలు, ఆధార్ తప్పులు. మధ్యలో ఓటర్ల జాబితా. అదే విద్యాహక్కు చట్టం ఇరవైయేడో సెక్షన్, పదేళ్లకోసారి చేసే జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడరాదంటుంది. రాష్ట్రం చేసే సర్వే ఆ మూడింటిలో లేదు. అయినా వేశారు, పోయారు. ఆ మూడు వారాల సర్వేలో మా బడి సారు తిరగని గడప లేదు. ప్రతి గుమ్మంలో కూర్చుని, ఆ ఇంట్లో ఎంతమంది, ఏమి చదివారు, ఏమి పని చేస్తారు, అప్పెంత అని అడిగి రాసుకున్నారు. డెబ్బై అయిదు ప్రశ్నలు. ఆ ఇంటి పిల్ల ఆయన క్లాసులోనే ఉంటుంది. పిల్ల గురించి అడగడానికి కాగితంలో గడి లేదు, ఆయనకు తీరికా లేదు. ఇంతకంటే వెటకారం ఉంటుందా?

కాబట్టి టీచర్లకు మనసు లేదని నేననను. కానీ "ఈ తల్లిదండ్రులకు పట్టింపు లేదు" అని స్టాఫ్‌రూములో తేలిగ్గా అనేసే మాట ఉంది చూడండి, దాన్ని మాత్రం ఒప్పుకోను. నెలకొక శనివారం తల్లిదండ్రుల సమావేశం పెడతారు. పొద్దున పదకొండింటికి. పత్తి ఏరే రోజుల్లో పొద్దున పదకొండంటే ఒక రోజు కూలి. పోయినసారి ఏడుగురు వచ్చారు, అందులో నేనొకడిని, అదీ షాపు ఎదురుగా ఉంది కాబట్టి. రిజిస్టరులో సంతకాలు మాత్రం తరువాతి వారం నా షాపు బల్ల మీదే ఇరవై రెండయ్యాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే దానికీ అధ్యక్షురాలు, హెడ్‌మాస్టరు కన్వీనరు. మరమ్మతుల బిల్లుల మీద, యూనిఫాం కుట్టుపని మీద మా కమిటీ బాగానే పని చేసింది, కాదనను. కానీ కమిటీ అంటే గోడలకు, బట్టలకు అన్నట్టే అయింది. సంఘం మీటింగులు జరిగేది రాత్రి ఎనిమిదింటికి, తండాలో, వంటలు అయ్యాక. అప్పుల కిస్తీలు అక్కడే కడతారు, అందరూ వస్తారు. ఆ మీటింగుకు నెలకోసారి టీచరు వచ్చి పది నిమిషాలు కూర్చుంటే వేరే సమావేశమే అక్కర లేదు. లేదా రేషన్ బియ్యం ఇచ్చే రోజు. ఆ వరసలో ఊరంతా నిలబడి ఉంటుంది, గంటసేపు ఎవరికీ వేరే పని ఉండదు. ఈ మాట సమావేశంలో అంటే సారు నవ్వారు. రేషన్ షాపు దగ్గర తల్లిదండ్రుల సమావేశం పెట్టామని పైకి ఎలా రాయాలన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది.

గద్వాల వైపు, గట్టు దగ్గర, మా చెల్లెలిని ఇచ్చారు. అక్కడంతా సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పండించేది. సాయంత్రం పూట మొగ్గ విప్పి మగ కేసరాలు తీసేయాలి, మరునాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడిని దానికి అంటించాలి. దాన్ని క్రాసింగ్ అంటారు. మొగ్గలు చిన్నవి కాబట్టి చిన్న వేళ్లు కావాలంటారు. ఆగస్టు నుంచి దసరా దాటేదాకా బడి బెంచీలు ఖాళీ అవుతాయి, ముఖ్యంగా ఆడపిల్లలవి. ఆ ఊరి బడి ఒకప్పుడు సెప్టెంబరులో నోటీసులు పంపేదట, హాజరు తక్కువైతే చర్యలు తీసుకోబడును అని. సెప్టెంబరులో ఏమి లాభం? అప్పటికే రైతు దగ్గర అడ్వాన్సు తీసుకుని తినేసి ఉంటారు. తరువాత వచ్చిన ఒక హెడ్‌మాస్టరు జూలైలోనే, అడ్వాన్సులు చేతులు మారకముందే, సాయంత్రాలు ఇళ్లకు పోవడం మొదలుపెట్టాడు. నీతులు చెప్పలేదట. "మీ పిల్ల ఇప్పుడే కూడికలు పట్టుకుంది, ఈ మూడు నెలలు పోతే మళ్లీ మొదటికొస్తుంది" అని ఒక్కొక్క ఇంట్లో ఆ ఇంటి పిల్ల గురించి చెప్పాడట. అందరూ ఆగలేదు. మా చెల్లెలు చెప్పిన లెక్క, వాళ్ల వీధిలో అంతకు ముందు ఏడాది ఏడుగురు పిల్లలు చేనుకు పోతే ఆ ఏడాది ముగ్గురు పోయారు.

ప్రైవేటు బడుల్లో ఇదంతా బాగుంటుందని అనుకునేవాళ్లకు ఒక మాట. మా ఊరికి మూడు పసుపు బస్సులు వస్తాయి. వాటి యాప్‌లో గంటగంటకూ మెసేజీ వస్తుంది, మంచి ఇంగ్లీషులో. అవీ నా దగ్గరికే వస్తాయి చదివించుకోవడానికి. పదింటిలో ఆరు ఫీజు గురించి.

మళ్లీ మా బడికి వస్తాను. ఆ నవంబర్ గొడవ తరువాత నేను మేడం దగ్గరికి పోయి, పిల్లలు నా మెట్ల మీద కూర్చున్న సంగతి చెప్పాను. ఆమె తప్పు లేదని తెలుసు, అయినా ఆమె ముఖం చిన్నబోయింది. ఆ శనివారం గ్రూపులో ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. యాభై సెకన్లు. వెనకాల ఎక్కడో ప్రెషర్ కుక్కరు కూత. "అమ్మలూ, అయ్యలూ, నేను బడి మేడాన్ని. ఈ వారం ఒకటి, రెండు తరగతుల పిల్లలు పదులు, ఒకట్లు నేర్చుకున్నారు. రేపు మీ ఇంట్లో చిక్కుడు గింజలో, శనగలో ఒక గుప్పెడు ఇచ్చి పదేసి కుప్పలు పెట్టమనండి. ఎన్ని కుప్పలు, ఎన్ని మిగిలాయి అని అడగండి. వచ్చే వారం కూడా బడి ఒంటి గంట వరకే. ఇంట్లో ఎవరూ ఉండనివాళ్లు నాకు చెప్పండి."

అంతే. వలెను లేదు, గమనించగలరు లేదు. ఆ మెసేజీని చదివి పెట్టమని నా దగ్గరికి ఎవరూ రాలేదు. చదవడానికి ఏముంది, వినడమే కదా. మరునాడు సాయంత్రం మా వీధిలో కనీసం రెండు ఇళ్ల అరుగుల మీద గింజల కుప్పలు చూశాను. ఒక ముసలాయన మనవడితో పందెం వేసుకుని పదులు లెక్కబెడుతున్నాడు. జవాబులు కూడా వాయిస్‌లోనే వచ్చాయి. ఒకామె తన పిల్లవాడికి చెవి కారుతోంది, ముందు వరసలో కూర్చోబెట్టమని చెప్పింది. ఇంకొకాయన గుడ్డు ఈ వారం రెండుసార్లే పెట్టారట, మూడోది ఏమైందని గట్టిగానే అడిగాడు. మేడం దానికీ జవాబు చెప్పింది, సరఫరా రాలేదని. నా మెట్ల మీద కూర్చున్న పిల్లల తల్లి సంక్రాంతికి ఒక పాత ఫోను కొనుక్కుంది. శనివారం మేడం మాట వినడం ఆమెకు ఒక అలవాటయింది. వేలు ఆనించి పట్టుకుని మాట్లాడటం కొడుకే నేర్పాడు.

ఏప్రిల్ దాకా అలా నడిచింది. జూన్‌లో బడి తెరిచేసరికి మేడం వేరే మండలానికి పోయింది. కొత్తగా వచ్చినవారు మంచివారే, పాఠం బాగా చెబుతారని మా పాప అంటుంది. కానీ గ్రూపు సర్దారు. వాయిస్‌లు ఎక్కువయ్యాయి, అనవసరమైన చర్చలు జరుగుతున్నాయి అని సెట్టింగు మార్చారు. పద్నాలుగు సూచనల కాగితం మళ్లీ వచ్చింది, అరవై కాపీలు తీసి ఇచ్చాను.

మొన్న సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆ తల్లి వచ్చింది. కలుపుకు పోయే వేళ, చేతిలో అన్నం గిన్నె మూట. చిన్నవాడు రెండో తరగతికి వచ్చాడు, వారం రోజులుగా బడి అనగానే కడుపునొప్పి అంటున్నాడట. ఎవరైనా కొడుతున్నారేమో, లేక చదవడం రావడం లేదేమో కనుక్కోవాలని ఆమె ఆరాటం. ఫోను నా ముందు పెట్టి, "అన్నా, మాట్లాడే గుర్తు పోయింది, ఎక్కడుందో చూడు" అన్నది. మైకు బొమ్మ ఉండే చోట వేలు పెట్టి నొక్కి చూపించింది. అక్కడ మైకు లేదు, ఒక సన్నని వాక్యం ఉంది.

"ఏమని ఉంది?" అని అడిగింది.

"అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు" అని చదివాను. అర్థం కూడా చెప్పాను.

ఆమె ఫోను కొంగున కట్టుకుని, అన్నం మూట నా బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి బడి గేటు వైపు నడిచింది. నేను షట్టరు సగం దించి ఆమె వెనకాలే పోయాను.